కోరికల జాబితాలో తేదీ ఎవరి చేతిలో ఉంది?

బకెట్ లిస్ట్, అంటే బతికుండగా చేయాలనుకున్న పనుల జాబితా, రాయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. రాశాక అది ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంటుంది. బద్ధకం అంటారు, డబ్బు లేదంటారు, తీరిక లేదంటారు. నా గట్టి నమ్మకం వేరు. కోరిక రాస్తాం, తేదీ రాయం. అక్కడే బండి ఆగిపోతుంది.

నేను బళ్లో లెక్కల టీచర్ని. పరీక్షలెప్పుడో సెలవులెప్పుడో ఏడాది ముందే తెలిసిపోయే ఉద్యోగం. అందుకే నా జాబితాను కూడా టైంటేబుల్‌లాగే చూస్తాను. ప్రతి కోరిక ఎదురుగా ఒక ప్రశ్న వేసుకుంటాను: దీని తేదీ ఎవరి చేతిలో ఉంది? ఆకాశం చేతిలోనా, రుతువు చేతిలోనా, నా ఒంట్లో సత్తువ చేతిలోనా, ఇంకో మనిషి చేతిలోనా, లేక అచ్చంగా నా చేతిలోనేనా? నోటుబుక్కులో ఈ అయిదింటికీ అయిదు గళ్లు గీసుకున్నాను. ఏ కోరిక ఏ గడిలోకి పోతుందో తేలిపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్న తికమక చాలావరకు పోతుంది. గ్రహణం నా సెలవుల కోసం ఆగదు. నా మోకాళ్లు నా రిటైర్‌మెంటు కోసం ఆగవు. మా అమ్మ వయసు అసలే ఆగదు.

కోరికను పనిగా రాయండి

గళ్లు గీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది జాబితాల్లో ఉండేవి ఉత్త పేర్లు: సముద్రం, కొండలు, సంగీతం, ప్రయాణాలు. వీటికి తేదీ ఎలా వేస్తాం? "సముద్రం" అన్నదాన్ని "తెల్లవారకముందే ఒడ్డుకు చేరి, ఎండెక్కేదాకా అక్కడే కూర్చోవడం" అని రాయండి. "సంగీతం" అన్నదాన్ని "ఆర్కెస్ట్రా వాయిస్తుంటే ముందు వరసలో, వయొలిన్ల వైపు కూర్చుని వినడం" అని రాయండి. ఇప్పుడు ఏం కావాలో తెలుస్తుంది: ఫలానా హాలు, ఫలానా సీటు, ఫలానా సాయంత్రం. పని అయిందా లేదా అని ఎవరైనా అడిగితే అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పగలిగేలా రాయాలి. తల గోక్కోవాల్సి వస్తే ఆ వాక్యం ఇంకా తయారు కాలేదన్నమాట.

జాన్ గొడార్డ్ అనే అమెరికన్ 1940లో, తనకు 15 ఏళ్లప్పుడు 127 అంశాలతో ఒక జాబితా రాసుకున్నాడు. నైలు నది మీద ప్రయాణం, ఎవరెస్టు ఎక్కడం, చంద్రుడి మీదికి వెళ్లడం అందులో ఉన్నాయి. నిమిషానికి 50 మాటలు టైపు చేయడం, ఫ్లూటూ వయొలినూ వాయించడం కూడా అందులోనే ఉన్నాయి. పెద్దయ్యాక నైలు మీద కయాక్ అనే సన్నటి పడవలో నిజంగానే ప్రయాణించాడు. చంద్రుడి దాకా వెళ్లలేదు. నాకు ఆ కలగలుపు నచ్చుతుంది. పెద్దవి మాత్రమే ఉన్న జాబితా ఏళ్ల తరబడి కదలదు, చూసినప్పుడల్లా దిగులు పుట్టిస్తుంది. పక్కన చిన్నవి ఉంటే నెలకొకటైనా కదులుతుంది, చేతికి అలవాటవుతుంది.

ఇంకో వడపోత కూడా చేయండి. "అక్కడ ఫొటో తీయకూడదు, వెళ్లొచ్చినట్టు ఎవరికీ చెప్పకూడదు అంటే కూడా వెళ్తానా?" అని ఒక్కో కోరికనూ అడగండి. వెళ్లను అనిపించినవి ఎవరినో చూసి రాసుకున్నవి. మొహమాటం లేకుండా కొట్టేయండి. నా జాబితాలోంచి పారాగ్లైడింగ్ ఇలాగే పోయింది. అది మా స్టాఫ్‌రూములో అందరి కోరికా అయింది కాబట్టి నాదీ అయింది, అంతే.

ఆకాశం గడి

ఈ గడి నిండడం తేలిక, తప్పిపోవడం ఇంకా తేలిక. తేదీలన్నీ ముందే ఖరారైపోయి ఉంటాయి, బతిమాలుకున్నా మారవు.

సంపూర్ణ సూర్యగ్రహణం చూడాలనుంటే 2027 ఆగస్టు 2 రాసి పెట్టుకోండి. ఆ రోజు చంద్రుడి నీడ దక్షిణ స్పెయిన్ మీదుగా ఉత్తర ఆఫ్రికా దాటి అరేబియా వైపు వెళ్తుంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర పూర్తి చీకటి 6 నిమిషాల 20 సెకన్లు దాటుతుంది. సంపూర్ణ గ్రహణాల్లో ఇంత సేపు ఉండేవి బాగా అరుదు, చాలావాటిలో రెండు మూడు నిమిషాలకే వెలుతురు వచ్చేస్తుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నీడ దారి వెడల్పు దాదాపు 250 కిలోమీటర్లు. ఆ దారికి కాస్త అవతల ఉండి "మాకు 99 శాతం గ్రహణం" అని సరిపెట్టుకోవద్దు. మిగిలిన ఆ ఒక్క శాతం సూర్యుడే కరోనాను, అంటే సూర్యుడి చుట్టూ ఉండే తెల్లటి వెలుగును, కనపడకుండా చేస్తాడు. పగలు మసకబారుతుంది తప్ప చుక్కలు పొడిచే చీకటి రాదు. వెళ్లేవాళ్లు దారి మధ్యకే వెళ్లాలి. కళ్లకు ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలే పెట్టుకోవాలి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలు మాత్రమే తీయొచ్చు, అంచున వెలుగు మెరవగానే మళ్లీ పెట్టుకోవాలి.

అంత దూరం వెళ్లలేని వాళ్లకు ఉల్కాపాతాలున్నాయి. ఏటా వస్తాయి, టికెట్టు అక్కర్లేదు. ఆగస్టు 12, 13 తేదీల రాత్రుల్లో పెర్సీడ్స్, డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో జెమినిడ్స్ ఉధృతంగా ఉంటాయి. పెర్సీడ్స్ స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క వదిలిపోయిన ధూళి. జెమినిడ్స్‌కు మూలం ఫేథాన్ అనే గ్రహశకలం. చిమ్మచీకటి ఆకాశంలో జెమినిడ్స్ గంటకు వంద దాటొచ్చు. వీధి దీపాల కింద నిలబడితే అందులో చాలా కొద్దివే కంటపడతాయి. పెర్సీడ్స్‌ను దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు పెద్దగా చూడలేరు, వాళ్లు జెమినిడ్స్ మీద ఆశ పెట్టుకోవడం మేలు.

ఎలా చూడాలో చెప్తాను, ఇది నేను మనసు పెట్టి నేర్చుకున్న పని. ముందు ఆ రాత్రి చంద్రుడి సంగతి చూడండి. పౌర్ణమికి దగ్గరగా ఉంటే చంద్రుడు ఆకాశంలో లేని వేళ ఏదైనా ఉందేమో కనుక్కుని అప్పుడే వెళ్లండి. చాప గానీ వాలు కుర్చీ గానీ తీసుకెళ్లండి, ఎందుకంటే మెడ ఎత్తి నిలబడి పావుగంట కూడా చూడలేరు. వెల్లకిలా పడుకుంటే ఆకాశం మొత్తం మీదే. బైనాక్యులర్లు, టెలిస్కోపు వద్దు, అవి చూపును ఒక్క మూలకు కట్టేస్తాయి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అరగంటలో ఒక్కసారి ఫోన్ వెలిగించినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఫోన్ సంచిలో, సంచి దూరంగా. పెర్సీడ్స్‌కు అర్ధరాత్రి దాటాకే వెళ్లండి. తెల్లవారుజాముకి మనం ఉన్న వైపు భూమి ఎదురెళ్లి ఆ ధూళిని గుద్దుకుంటుంది, అందుకే ఉల్కలు ఎక్కువ.

మొదటి అరగంట ఏమీ కనపడదు. అప్పుడే చాలామంది లేచి వెళ్లిపోతారు. ఉండిపోండి. తర్వాత ఒక్కసారిగా రెండు మూడు వరసగా జారతాయి, మళ్లీ పది నిమిషాలు నిశ్శబ్దం. ఆ ఎదురుచూపుకి ఒళ్లు అలవాటు పడ్డాక, ఉల్కలు పడని వేళ కూడా ఆకాశాన్ని చూస్తూనే ఉంటాం. నాకు పాలపుంత మొట్టమొదట సరిగ్గా కనపడింది అలాంటి ఖాళీ వేళలోనే.

ఈ నెలలోనే చేయగలిగిన పని కావాలంటే చంద్రోదయం చూడండి. పౌర్ణమి నాడు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు. ముందు రోజు ఇంకాస్త ముందే వస్తాడు కాబట్టి చుట్టూ వెలుతురు ఉంటుంది, చెట్లూ మేడలూ చంద్రుడూ ఒకే చూపులో అందుతాయి. తూర్పు దిక్కు తెరిపిగా కనిపించే చోటు చూసుకోవడమొక్కటే పని. మర్నాటి నుంచి రోజుకు సగటున 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాడు.

రుతువు గడి

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టికెట్టు కొనకముందే "ఇది ఏ నెలల్లో ఉంటుంది?" అని కనుక్కోండి. ఉత్తర ధ్రువకాంతులు చూడాలని జూన్‌లో ఆర్కిటిక్ వైపు వెళ్తే అక్కడ రాత్రే ఉండదు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా చీకటి రాత్రులు. కేరళలోని మున్నార్ కొండల మీద పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, ఆ లెక్క ప్రకారం మళ్లీ 2030. ఇలాంటి వాటికి మీ క్యాలెండర్లో నెల ఖాళీ పెట్టండి, రోజు తర్వాత తేల్చుకోవచ్చు.

పెద్ద ప్రయాణాలకు మొదటి అడుగు కూడా ఇక్కడే వేసేయండి. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. "ఆర్కిటిక్ వెళ్లడం" అనే కోరిక కింద "పాస్‌పోర్టు గడువు చూడడం" అని రాసుకుంటే, అది ఈ రాత్రే అయ్యే పని.

ఒంటి గడి

పరిగెత్తేవి, ఎక్కేవి, ఈదేవి ఇందులోకి వస్తాయి. వీటిని ముందుకు జరపాలి. మ్యూజియాలు డెబ్బయ్యో ఏట కూడా చూడొచ్చు.

కొండలెక్కే కోరికకు తేదీ వేసేటప్పుడు ఎత్తు చూడండి. 2500 మీటర్లు దాటితే ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. వయసుతో, దారుఢ్యంతో సంబంధం లేదు. 3000 మీటర్ల పైన పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగాలి. కిలిమంజారో 5895 మీటర్లు, ఎవరెస్టు బేస్ క్యాంపు 5364. కాబట్టి తక్కువ రోజుల ప్యాకేజీ చూసి మురిసిపోవద్దు. ఎక్కువ రోజులు పట్టే దారినే ఎంచుకోండి. తలనొప్పి ముదిరితే దిగిపోవడమే మందు. స్కూబా డైవింగ్ ఉన్న ప్రయాణమైతే దాన్ని మొదటి రోజుల్లో పెట్టుకోండి. పలుమార్లు డైవ్ చేస్తే, చివరిసారి నీళ్లలోంచి బయటికొచ్చాక కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఇవన్నీ తెలిస్తే ప్రయాణంలో ఏ రోజు ఏం చేయాలో తనంతట తనే కుదురుతుంది.

నా ఒంటి గడిలో అన్నిటికన్నా పైన రాసుకున్నది నీళ్లలో తేలడం. ఈత కాదు, తేలడం. నీళ్లంటే భయం ఉన్న పెద్దవాళ్లు ఎందరో ఈ కోరికను రహస్యంగా దాచుకుని ఉంటారని నాకు తెలుసు, అందుకే వివరంగా రాస్తున్నాను. ఛాతీ లోతుకు మించని కొలను, లైఫ్‌గార్డ్ ఉన్న వేళ, పక్కన నేర్పే మనిషి. ఈ మూడూ లేకుండా దిగొద్దు. వెల్లకిలా పడుకోగానే అందరూ చేసే పని తల పైకెత్తి కాళ్లెక్కడున్నాయో చూసుకోవడం. తల లేవగానే నడుము దిగిపోతుంది, నోట్లోకి నీళ్లొస్తాయి. చెవులు పూర్తిగా మునగాలి. చూపు నేరుగా పైకప్పు మీద ఉండాలి. గుండెల నిండా ఊపిరి పీల్చి కాసేపు ఆపితే ఛాతీ తనే పైకి లేస్తుంది, వదిలితే కొంచెం దిగుతుంది, మళ్లీ పీలిస్తే లేస్తుంది. కాళ్లు మునిగిపోతుంటే చేతుల్ని నీళ్లలోనే ఉంచి తల దాటి వెనక్కి చాపండి. బరువు అటు మారి కాళ్లు లేస్తాయి.

నాకు నేర్పినావిడ అరచేయి నా వీపు కింద పెట్టి ఉంచేది. ఒకసారి, "చెయ్యి తీసేసి చాలాసేపైందండీ" అంది. చెవులు నీళ్లలో ఉన్నాయి కాబట్టి ఆ మాట ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినపడింది. నా ఊపిరి మాత్రం చాలా పెద్దగా వినిపిస్తోంది. ఆ రోజు ఇంటికొచ్చి "తేలడం" ఎదురుగా టిక్కు పెట్టి, దాని కిందే "ఉప్పు నీళ్లలో తేలడం" అని రాసుకున్నాను. ఉప్పు ఎక్కువైన కొద్దీ నీళ్లు మనిషిని బాగా మోస్తాయి. మృత సముద్రం నీళ్లలో మామూలు సముద్రానికి పది రెట్ల దాకా లవణాలుంటాయి, అక్కడ మునగడమే కష్టం.

మనుషుల గడి

నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన గడి, జాబితాల్లో అన్నిటికన్నా తక్కువగా కనిపించేది కూడా. మన కోరికలే రాసుకుంటాం. మనతో కలిసి చేయాలని ఎదుటివాళ్లకు ఏముందో అడగం. అడగండి. "నీకు ఎక్కడికైనా వెళ్లాలనుందా?" అని అడిగితే "నాకేం ఉంటాయి" అంటారు. "నువ్వు ఎప్పుడూ దగ్గర్నుంచి చూడనిది, చూడాలనుకునేది ఏంటి?" అని అడిగి చూడండి.

మా అమ్మను అలా అడిగితే, "విమానం చక్రాలు నేలకి తగలడం చూడాలే" అంది. డాబా మీద బట్టలారేస్తూ జీవితమంతా విమానాల్ని చుక్కల్లా చూసిన మనిషి. ఎక్కాలని లేదు. దిగడం చూడాలి.

ఇది ఏ ఊళ్లో ఉన్నవాళ్లయినా ఒక పూటలో చేయగలిగే పని, కాకపోతే కాస్త ముందు చూపు కావాలి. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి. కాబట్టి ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోందో వాతావరణ సూచనలో చూస్తే, రన్‌వే ఏ చివర నుంచి విమానాలు దిగుతాయో ముందే తెలుస్తుంది. రన్‌వే మీద రాసి ఉండే అంకెలు దిక్కును చెప్తాయి: 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు వైపు. అదే రన్‌వే అవతలి చివర 27, అంటే 270 డిగ్రీలు, పడమర వైపు. పడమటి గాలి వీస్తుంటే విమానాలు పడమరకు ముఖం పెట్టి దిగుతాయి, మీరు తూర్పు చివర ఉండాలి. విమానాల రాకపోకలు చూపించే యాప్‌లో అవి ఏ వైపు నుంచి వస్తున్నాయో ఇంకోసారి సరిచూసుకోండి. కంచె బయట, జనాన్ని రానిచ్చే చోటే నిలబడాలి. చాలా విమానాశ్రయాల దగ్గర అందుకోసం ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుంది. ఎండ వీపు వైపు ఉండేలా పొద్దుటో సాయంత్రమో ఎంచుకోండి. పెద్దవాళ్లుంటే మడత కుర్చీ, నీళ్లు, దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందో తెలిసి ఉండడం తప్పనిసరి. ఈ చివరిది కనుక్కోకుండా వాళ్లను ఎక్కడికీ బయల్దేరదీయకండి.

మొదటి విమానం నెత్తి మీదుగా వెళ్లినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రెండోదానికి వదిలేసింది. మూడోదానికి కుర్చీలోంచి లేచి కంచె దగ్గరికి నడిచింది. "చక్రం తగలగానే పొగ వచ్చిందేంటే?" అంది. గాల్లో ఉన్నంతసేపూ ఆ చక్రాలు తిరగవనీ, నేలకి తగిలాక ఒక్కసారిగా విమానం వేగం అందుకోవాలి కాబట్టి రబ్బరు ఒరుసుకుని పొగ వస్తుందనీ చెప్పాను. గాలి పక్కనుంచి కొడుతున్నప్పుడు ఒక విమానం ముక్కు వారగా తిప్పుకుని వచ్చి, తగిలే ముందు నిటారుగా సర్దుకుంది. "చూడవే, ఎంత ఒడుపుగా దించాడో" అని ఆ పైలట్‌ను మెచ్చుకుంది. చీకటి పడేదాకా ఇంటికి వెళ్దామన్న మాట ఆమె నోటి వెంట రాలేదు.

ఈ గడిలో ఉన్నవాటికి తేదీ వేసేటప్పుడు ఎదుటివాళ్ల ఓపిక లెక్క చూడండి, మీ సెలవుల లెక్క కాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని వచ్చే ఏడాది తీసుకెళ్తానంటే వచ్చే ఏడాది మెట్లు ఇంకా ఎక్కువవుతాయి.

నా గడి

అచ్చంగా మన చేతిలో ఉన్నవే అన్నిటికన్నా ఆలస్యమవుతాయి. దీని మీద పరిశోధన కూడా ఉంది. సుజాన్ షూ, అయెలెట్ నీజీ 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి తక్కువ గడువున్న గిఫ్ట్ కూపన్లు, కొందరికి ఎక్కువ గడువున్నవి ఇచ్చారు. ఎక్కువ గడువున్నవాళ్లు తప్పకుండా వాడుకుంటామనే అనుకున్నారు, తీరా చూస్తే వాడుకున్నది తక్కువ. ఊళ్లో చూడదగ్గ చోట్లను కొద్ది రోజులకు వచ్చిన చుట్టాలు చూసినన్ని అక్కడే ఉండేవాళ్లు చూడరని కూడా అందులోనే తేలింది. ఊరు విడిచి వెళ్లే ముందు మాత్రం హడావిడిగా చూస్తారట.

అందుకని నా గడిలోవాటికి నేనే గడువు పెడతాను, దగ్గరి గడువు. అయిదారు వారాలకు మించనివ్వను. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో చూపించిన సంగతి ఇక్కడ బాగా పనికొస్తుంది: "చేస్తాను" అనుకోవడం కన్నా "ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు ఎక్కువగా చేసి తీరుతారు. నేను రాసుకునే పద్ధతి ఇది: "రెండో శనివారం బడి వదలగానే, ఇంటికి రాకుండా, బస్టాండ్ నుంచి ఆఖరి స్టాపు దాకా వెళ్లే బస్సు ఎక్కుతాను." "ఇంటికి రాకుండా" అన్న ముక్కలోనే కిటుకంతా ఉంది. ఇంటికి వచ్చి కూర్చున్నాక మళ్లీ లేవడం నా వల్ల కాదు. మీకు అడ్డం పడేది ఇంకేదో అయి ఉంటుంది. దాన్ని కనిపెట్టి వాక్యంలోనే చేర్చేయండి.

ఒంటరిగా చేసేవి కూడా ఇందులో కొన్ని ఉంచుకోండి. తోడు కోసం చూస్తూ సగం కోరికలు ఎండిపోతాయి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక మనిషికి మెసేజ్ పెట్టి, తిరుగు బండి వేళ ముందే చూసుకుని బయల్దేరితే చాలు. ఒక్కరే వెళ్తే ఎవరి విసుగునూ కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. నచ్చిన బొమ్మ ముందు గంట సేపు నిలబడొచ్చు.

వెళ్లొచ్చాక

ఆ రాత్రే రాయండి. మర్నాటికి సగం పోతుంది. "చాలా బాగుంది" అని రాయకండి, పదేళ్ల తర్వాత చదువుకుంటే అందులో ఏమీ ఉండదు. అక్కడ ఏ వాసన వచ్చింది, ఏ చప్పుడు వినపడింది, పక్కనున్నవాళ్లు ఏమన్నారు, ముందు అనుకున్నదానికి ఏది వేరుగా ఉంది, రేపు ఇంకొకరు వెళ్తానంటే వాళ్లకు ఏం చెప్తారు. ఇవి రాస్తే అయిదారు వాక్యాలవుతాయి, చాలు. చివరిది తప్పకుండా రాయండి. మా స్టాఫ్‌రూములో ఇప్పుడు గ్రహణం దగ్గర్నుంచి బస్సు ఆఖరి స్టాపు దాకా ఎవరికే సలహా కావాలన్నా నా నోటుబుక్కు అడుగుతారు.

మబ్బులు కమ్మి చుక్కలు కనపడకపోతే ఆ అంశం కొట్టేయకండి, తర్వాతి తేదీకి మార్చండి. వెళ్లొచ్చాక నచ్చకపోతే మాత్రం నచ్చలేదనే రాసి టిక్కు పెట్టండి. నచ్చుతుందో లేదో చూడడానికే కదా వెళ్లింది. ఇక పదే పదే వాయిదా పడుతున్నది ఏదైనా ఉంటే దాని ముందు కూర్చుని ఆలోచించండి. ఒక్కోసారి వాక్యం పెద్దదై ఉంటుంది, చిన్నది చేస్తే కదులుతుంది. ఒక్కోసారి ఆ కోరిక తీరిపోకుండానే పోయి ఉంటుంది. పదేళ్ల కిందట రాసుకున్న మనిషీ మీరూ ఒకటే కానక్కర్లేదు, తీసేసి ఆ చోట్లో కొత్తది రాయండి.

ఏడాదికోసారి, కొత్త క్యాలెండర్ రాగానే నేను కూర్చునే వరస కూడా చెప్పేస్తాను. ముందు ఆకాశం తేదీలు వేస్తాను, అవి కదలవు కాబట్టి. తర్వాత రుతువుల నెలలు. ఆ పైన అమ్మతో, స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడి వాళ్లతో చేయాల్సినవి. ఒంటికి సాధన కావాల్సినవుంటే వాటికి వారంలో పొద్దుటి వేళలు కేటాయిస్తాను. మిగిలిన శనివారాల్లో నా గడిలోవి సర్దుతాను. నెలకు ఒక్క శనివారం మాత్రం ఏమీ రాయకుండా వదిలేస్తాను. ఎవరో ఒకరు ఫోన్ చేసి, నా జాబితాలో లేనిదేదో చెప్పి, "వస్తావా?" అంటారు.